మహారాజశ్రీ ఎండోస్కోపీ టోకెన్ గారికి

మహారాజశ్రీ టోకెన్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అనబోయాను గానీ, మావైపు కుశలం అంతంతమాత్రం. మీరు మాత్రం బాగానే ఉన్నారు. ఇవాళ మధ్యాహ్నం బోర్డు మీద ఎర్రగా నిగనిగలాడుతుంటే కళ్ళారా చూశాను.

మా పెదనాన్నని ఎండోస్కోపీకి, అంటే నోట్లోంచి గొట్టం దించి లోపల చూసే పరీక్షకి, పరగడుపున ఆస్పత్రికి తీసుకొచ్చాం. ఆయన్ని పస్తు ఉంచడం పెద్ద పనేం కాదు లెండి, కొన్నాళ్ళుగా తినేదే లేదు. ఒంటిగంట దాటాక కౌంటర్లో అమ్మాయి తలెత్తి, "ఈరోజు స్లాట్లు అయిపోయాయండీ, వచ్చే నెల పదో తారీఖు రండి" అంది. ఆ పిల్లని ఏమీ అనను. మీ నంబరు ఎంత చెబితే తను అంతే కదా.

మీకు వరసలంటే ఇష్టం కాబట్టి ఒక వరస చెబుతాను. సంక్రాంతికి పెదనాన్న గారెలు తిన్నాడు. ఆ తర్వాత చపాతీ వద్దన్నాడు. తర్వాత అన్నం, ముద్దముద్దకీ గుక్కెడు నీళ్ళతో. ఇప్పుడు పెద్దమ్మ మజ్జిగన్నం మిక్సీలో తిప్పి గ్లాసులో పోసిస్తోంది. రెండు గుక్కలు తాగి, గుండెల మధ్య వేలు పెట్టి "ఇక్కడ" అంటాడు. కాసేపటికి అదంతా నురగతో సహా వాష్‌బేసిన్లోకి వచ్చేస్తుంది. పంచె మీద పెట్టుకునే బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు.

ముందు గట్టివి, తర్వాత మెత్తవి, ఆఖరికి నీళ్ళు. గొట్టం లోపల ఏదో పెరిగి దారి మూసుకొస్తుంటే కనబడే వరస ఇదే. గొంతు నుంచి పొట్టకి ముద్దని దించే అన్నవాహిక సాగే గుణమున్న గొట్టం, చాలాకాలం సర్దుకుపోతుంది. దాదాపు 13 మిల్లీమీటర్ల కన్నా ఇరుకైతే తప్ప సాధారణంగా ముద్ద అడ్డం పడదు. అంటే మనిషి "దిగట్లేదు" అని నోరు విప్పేసరికే లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. అలాంటివాడికి మీరు పదో తారీఖు ఇచ్చారు.

కౌంటర్లో మమ్మల్ని ఏమీ అడగలేదని అనడం లేదు. పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆధార్ అన్నీ అడిగారు. అన్నిటికన్నా ముందు "క్యాషా, ఇన్సూరెన్సా?" అని అడిగారు. "ముద్ద దిగుతోందా?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మీది గొప్ప సమానత్వం అని విన్నాను. రాత్రి బిర్యానీ లాగించి పొద్దున పుల్లతేన్పులొచ్చిన కుర్రాడూ, మంచినీళ్ళు మింగలేని ముసలాయనా మీ ముందు ఒకటే. సంతోషం. మరి కంపెనీ హెల్త్ చెకప్ ప్యాకేజీ ఫైలు పట్టుకుని వచ్చిన ఆయన ఏ నంబరు మీద లోపలికి వెళ్ళాడు? ఎమ్మెల్యే గారి పీఏ ఫోన్ చేసిన పేషెంటు? ఫార్మసీలో అబ్బాయి బావమరిది? వరస తప్పించడం మీకు చేతకాదని కాదండీ, పొద్దుట్నుంచీ చేస్తున్నది అదే. డబ్బు కోసం తప్పిస్తారు, పలుకుబడి కోసం తప్పిస్తారు. జబ్బుకే ఇక్కడ సిఫార్సు లేదు.

బ్రిటన్‌లో 2015 నాటి జాతీయ మార్గదర్శకాల్లో ఈ సంగతి కొట్టొచ్చినట్టు రాశారు. మింగుడు పడటం లేదని వచ్చినవాళ్ళు ఏ వయసువాళ్ళైనా సరే, రెండు వారాల్లోపు ఎండోస్కోపీ. ఎడిన్‌బరో డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి, మింగలేనివాళ్ళలోనే ఎవరు ముందో తేల్చే లెక్క ఒకటి కట్టారు. వయసు, ఆడా మగా, బరువు తగ్గడం, ఎన్నాళ్ళుగా ఉంది, మెడ దగ్గర అడ్డుపడుతోందా కింద అడ్డుపడుతోందా, గుండెల్లో మంట ఉందా, ఈ ఆరే ప్రశ్నలు. ఏళ్ళ తరబడి ఉన్న బాధకి కేన్సర్ అనుమానం తగ్గుతుంది, ఈమధ్యే మొదలై మనిషి చిక్కిపోతుంటే పెరుగుతుంది. దీనికి కావలసిన పరికరం ఒక పెన్ను. అక్కడ కూడా క్యూలు పెద్దవేనని నాకూ తెలుసు. కానీ మన క్యాజువాలిటీలో ఎవరి ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడదీస్తారు కదా, ఆ బుద్ధి మొదటి అంతస్తుకి లిఫ్టులో రాలేదా?

తప్పంతా మీదే అనను. మీకన్నా ముందు గ్యాస్ బిళ్ళ గారున్నారు. మెడికల్ షాపాయన చీటీ అడక్కుండా ఇచ్చాడు, వాము నీళ్ళు తాగమని చుట్టాలు చెప్పారు, దిష్టి అని పెద్దమ్మ ఎండుమిరపకాయలు తిప్పింది. ప్రభుత్వం వారు ముప్ఫై దాటినవాళ్ళకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల పరీక్షలు పెట్టారు, అన్నవాహిక కేన్సర్ ఆ జాబితాలో లేదు. కాబట్టి ఈ జబ్బుకి మోగే గంట అదొక్కటే, ముద్ద దిగకపోవడం. బయాప్సీ, అంటే లోపల్నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, రిపోర్టు లేకుండా ఆరోగ్యశ్రీలో కేన్సర్ వైద్యానికి అనుమతీ రాదు. బయాప్సీకి ఎండోస్కోపీ కావాలి. ఎండోస్కోపీకి తమరు కావాలి.

ముద్ద దిగనివాళ్ళందరికీ కేన్సరే అని నేననను. పాత పుండు మానిన మచ్చ కావచ్చు, నరాల లోపం కావచ్చు, రక్తహీనతతో వచ్చే పొర కావచ్చు. అది తేలాలన్నా ఓసారి లోపలికి చూడాలి కదా! ఎంతసేపు పడుతుంది? గొంతులో చేదు మందు కొట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి, గొట్టం దించి తీసేదాకా పది నిమిషాలు. ఆ పది నిమిషాలు తేన్పుల కుర్రాడు ఆగితే వాడికేమవుతుంది? ఏమీ కాదు. పెదనాన్న పదో తారీఖు దాకా ఏం తాగి బతకాలి? అది నీకెందుకులే. నీకు నలభై ఆరు తర్వాత నలభై ఏడు వస్తే చాలు.

నువ్వు రాకముందు కిటికీ దగ్గర జరిగిన తోపులాట నాకు గుర్తే, ఆ మాత్రం విశ్వాసం ఉంది. అందుకే చీటీ చించలేదు. రేపు పొద్దున్నే మళ్ళీ వస్తున్నాం, పదో తారీఖు నీ దగ్గరే ఉంచుకో. బుద్ధిగా నంబరు తీసుకుంటాను. తీసుకున్నాక హాలంతా వినబడేలా "ఇక్కడ ముద్ద దిగని మనిషి ఉన్నాడు, లోపల డాక్టర్ గారికి చెప్పండి" అంటాను. "ఇంకెవరికైనా దిగట్లేదా, లేచి ముందుకు రండి" అని కూడా అంటాను. సెక్యూరిటీని పిలుస్తావో, డాక్టర్‌నే పిలుస్తావో నీ ఇష్టం.

ఇట్లు,
నలభై ఏడో నంబరు తాలూకు మనిషి

తా.క.: పెద్దమ్మ అడగమంది. లోపలికి నంబరుతో పిలుస్తారా, పేరుతోనా? ఆయనకి కాస్త చెవుడు, గట్టిగా పిలవమంది.