వెబ్ చిరునామా దొరవారికి విన్నపం

మహారాజశ్రీ వెబ్ చిరునామా వారి సముఖానికి, కర్నూలు నుంచి ఒక వెబ్ డెవలపరు సవినయంగా రాసుకుంటున్న విన్నపం.

తమరు చూపులకు ఉత్త అక్షరాల వరుసలా ఉంటారు గనుక, వెబ్ పేజీలను ఆడించే భాష జావాస్క్రిప్ట్‌లో ఓనమాలు దిద్దిన ప్రతివారూ ఒక ప్లస్ గుర్తు పెట్టి తమ చివర ఏదైనా అతికించవచ్చునని ధైర్యం చేస్తున్నారు. అతికిస్తున్నంతసేపూ తమరు కిమ్మనరు. సైటు జనంలోకి వెళ్లాకే తమ ప్రతాపం చూపిస్తారు.

మా ఊరి ఉల్లి మార్కెట్టు తమరెరుగనిది కాదు. ధరలు చూపే పేజీలో ఒక రైతు 'ఎర్రగడ్డ & తెల్లగడ్డ' అని టైపు చేసి వెతికాడు. తమ కొలువులో ఆ '&' ఒక పారామీటరు (తమ '?' తర్వాత వచ్చే పేరు-విలువ జంట) ముగిసి మరొకటి మొదలైందని చాటే గుర్తు గనుక, సర్వరు ఎర్రగడ్డను మాత్రమే వెతికింది; తెల్లగడ్డ విలువ లేని వేరే పారామీటరై అనాథగా మిగిలింది. చిరునామా మొత్తాన్నీ, తమకు సరిపడని అక్షరాలను శాతం గుర్తుల సంకేతాలుగా మార్చే ఎన్‌కోడ్‌యూఆర్ఐ ఫంక్షనుతో శుద్ధి చేసే పంపాం కదా అని మొరపెట్టుకుంటే, అది '&' జోలికి పోదనీ, విలువలను విడిగా శుద్ధి చేయడానికి ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపొనెంట్ ఉందనీ సెలవిచ్చారు. పేర్లలో తేడా ఒక తోక, ఫలితంలో తేడా ఒక తెల్లగడ్డల గంప!

తెలుగు మీద తమకున్న దయ మరీ గొప్పది. బ్రౌజరు పట్టీలో 'కర్నూలు' అని ముద్దుగా కనిపించే పేరు, కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టగానే శాతం గుర్తుల బారు అవుతుంది. అందులోని 7 యూనికోడ్ సంకేతాలు (అక్షరాలకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు కంప్యూటరు విడివిడిగా ఇచ్చేవి) ఒక్కొక్కటి 3 బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, వెరసి 63. ఇంగ్లీషులో రాస్తే అదే ఊరు 7 అక్షరాలతో దర్జాగా వెళ్లిపోతుంది. ఇప్పటికే మార్చిన పేరును ఎవరైనా మళ్లీ మార్చారా, ప్రతి శాతం గుర్తూ '%25' అయి మా ఊరు 105 అక్షరాలకు సాగుతుంది. 1994 నాటి ఆర్ఎఫ్‌సీ 1738 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోని నిబంధనలను 2005లో ఆర్ఎఫ్‌సీ 3986తో సవరించినప్పుడు కూడా తమరు నోరారా ఇంగ్లీషు అక్షరాలనే పలికారు.

తమ ముక్కలను విడదీసి చూపే యూఆర్ఎల్ ఆబ్జెక్టు, పారామీటర్లను చూసుకునే దాని సెర్చ్‌పారమ్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే; సెట్ అంటే పాత విలువ తీసేసి కొత్తది పెడతాయి, '&'ని కూడా తామే చక్కబెడతాయి. అయితే సెట్‌కు బదులు అపెండ్ అన్నామా, ఒకే పేరుతో రెండు విలువలు నిలబెట్టి, ఏది అసలైనదో సర్వరునే తేల్చుకోమంటాయి.

చివరగా వెనక్కి బటన్ గోడు. ధరల జాబితాలో వడపోత మార్చినప్పుడల్లా పుష్‌స్టేట్ అనే ఫంక్షనుతో తమ రూపం మార్చితే, ఒక్కో మార్పూ బ్రౌజరు చరిత్రలో ఒక్కో మెట్టవుతుంది. పేజీ నుంచి బయటపడాలనుకున్న రైతు ఆ మెట్లన్నీ ఒక్కొక్కటిగా దిగాల్సిందే. ఇకపై చిన్న మార్పులకు, కొత్త మెట్టు కట్టకుండా ఉన్న మెట్టునే మార్చే రీప్లేస్‌స్టేట్ వాడుతున్నాం. దానికైనా తమరు కొత్త పేచీ పెట్టరని ఆశిస్తూ,

ఇట్లు,
తమ '?' దగ్గర పడిగాపులు కాస్తున్న
ఒక డెవలపరు, కర్నూలు