మరి ఎగ్జామినర్ కార్డు ఎవరు చూస్తున్నారు?

పైలట్ లైసెన్స్ కోసం విమానం నడిపి చూపించే స్కిల్ టెస్ట్ రోజు పొద్దున్నే పైలట్ స్టూడెంట్ చేతిలో ఉండే ఫైల్ చూడాలి, పెళ్లి సంబంధానికి జాతకాలు మోసుకొచ్చినట్టే ఉంటుంది. లాగ్‌బుక్, మెడికల్, రాత పరీక్షల రిజల్ట్స్, 200 గంటల ఫ్లయింగ్ లెక్క... ఒక్క ఎంట్రీ తేడా వచ్చినా ఆ రోజు టెస్ట్ లేనట్టే. మరి పక్క సీట్లో కూర్చునే ఎగ్జామినర్ సంగతి? ఆయన ఆథరైజేషన్, అంటే టెస్ట్ పెట్టే అనుమతి కార్డు, ఎప్పటిదాకా ఉంది, ఈ టైప్ విమానం మీద ఈ టెస్ట్ పెట్టొచ్చా అని అడిగే స్టూడెంట్‌ని నేనైతే చూడలేదు. "సార్‌నే అడుగుతామా" అంటారు. ఆర్టీఓ ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని ఐడీ చూపించమనే దమ్ము మనలో ఎంతమందికుంది, ఇదీ అంతే.

2024 జులై 9న ముంబై నుంచి రియాద్ వెళ్లిన ఎయిర్ ఇండియా ఫ్లైట్ గుర్తుందా. ఇంకా లైన్ రిలీజ్ కాని, అంటే ట్రైనర్ లేకుండా ప్యాసింజర్ ఫ్లైట్ నడపడానికి ఓకే రాని ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) పక్కన ట్రైనింగ్ కెప్టెన్ ఉండాలి, కానీ కూర్చున్నది ట్రైనర్ కాని మామూలు లైన్ కెప్టెన్. మర్నాడు కంపెనీయే రిపోర్ట్ ఇచ్చింది కాబట్టి బయటపడింది, మన విమానయాన రెగ్యులేటర్ డీజీసీఏ 90 లక్షల ఫైన్ వేసింది, ట్రైనింగ్ డైరెక్టర్‌కి విడిగా ఇంకో 3 లక్షలు. అది టెస్ట్ కాదు, ప్యాసింజర్ ఫ్లైటే, నిజమే. కానీ అంత పెద్ద ఎయిర్‌లైన్ రోస్టర్‌లోనే అర్హత చూడ్డం మిస్సయిందంటే నాలుగు సెస్నాలు (చిన్న ట్రైనింగ్ విమానాలు) ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో ఎవరు చూస్తారు చెప్పండి.

అమెరికా వెళ్లి నేర్చుకునే మనోళ్లకి ఈ విషయంలో కాస్త నయం. అక్కడ టెస్ట్ పెట్టే డీపీఈలు (డిజిగ్నేటెడ్ పైలట్ ఎగ్జామినర్లు) అక్కడి విమానయాన రెగ్యులేటర్ ఎఫ్‌ఏఏ అనుమతి ఇచ్చిన ప్రైవేట్ మనుషులు, ఫీజు స్టూడెంటే కడతాడు, కానీ ఎఫ్‌ఏఏ సైట్‌లో వెతికితే ఎవరికి ఏ టెస్ట్ పెట్టే అనుమతి ఉందో కనపడుతుంది. ఎగ్జామినర్ మీద తర్వాత అనుమానం వస్తే పాసైన వాళ్లని ఎఫ్‌ఏఏ మళ్లీ టెస్ట్‌కి పిలవొచ్చు, పైలట్లు దాన్ని 709 రైడ్ అంటారు. తప్పు ఎగ్జామినర్ పెద్దమనిషిది, మళ్లీ చదివి మళ్లీ విమానం అద్దె కట్టుకునేది మాత్రం పిల్లాడు.

కార్డు కరెక్ట్‌గా ఉంటే అంతా కరెక్టేనా అంటే అదీ కాదు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్‌ఏషియా ఇండియాకి 20 లక్షల ఫైన్ పడింది, పైలట్ల ప్రొఫిషియెన్సీ చెక్‌లో (నైపుణ్యం సరిచూసే టెస్ట్) తప్పనిసరి ఎక్సర్‌సైజులు చేయించలేదని 8 మంది ఎగ్జామినర్లకి తలా 3 లక్షలు. వాళ్లంతా డిజిగ్నేటెడ్, అంటే అనుమతి ఉన్న ఎగ్జామినర్లే మరి! సంతకం పెట్టేవాడి పని మీద కూడా కన్నుండాలి, కాకపోతే అది రెగ్యులేటర్ పని, స్టూడెంట్‌కి చేతకాదు. స్టూడెంట్‌కి చేతనయ్యేది కార్డు చూడటం ఒక్కటే, అది కూడా సిగ్గుపడుతూ అడిగే పరిస్థితి ఉండకూడదు.

టెస్ట్ స్లాట్ కన్ఫర్మ్ చేస్తూ పంపే మెసేజ్‌లోనే ఎగ్జామినర్ ఆథరైజేషన్ నంబర్, ఏ టైప్, ఎప్పటిదాకా వ్యాలిడ్ అని మూడు లైన్లు పెడితే ఏం పోయింది? విమానయాన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారే, అడగడానికి భాష సమస్య కూడా లేదు. అప్పు చేసి లక్షలు కట్టిన ఇరవై ఏళ్ల కుర్రాడు, రన్‌వే పక్కన చెమటలు పట్టి నిలబడి "సార్, మీ కార్డు ఒకసారి..." అని నసగాల్సిన పని తప్పుతుంది.