తొలి ఆల్బమ్ అంటే రెండోసారి చేసిన ఆల్బమ్

గరగర గొంతు, మోత గిటార్లు, పరుగెత్తే డ్రమ్స్ ఉండే డెత్ మెటల్ సంగీతంలో చెక్కుచెదరకుండా నిలిచిన తొలి ఆల్బమ్‌లు చాలావరకు కుర్రాళ్లు చేసినవే. 1985లో ‘సెవెన్ చర్చెస్’ రికార్డు చేసేనాటికి అమెరికా బ్యాండ్ పొసెస్డ్ సభ్యుల్లో ఇంకా హైస్కూల్ దాటనివాళ్లున్నారు. ఈస్టర్ సెలవులు చూసుకుని స్టూడియోకు వెళ్లారు. 1987లో డెత్ బ్యాండ్ ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ వచ్చినప్పుడు ఆ బ్యాండ్ నాయకుడు చక్ షుల్డినర్‌కు 20 ఏళ్లు. 1990లో స్వీడన్ నుంచి ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ వచ్చేసరికి ఎంటూంబ్డ్ డ్రమ్మర్ నికె ఆండర్సన్‌కు 20 కూడా నిండలేదు.

వయసు ఉడుకు ఉంటే చాలని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటే. షుల్డినర్ 1984 నుంచే డెమో టేపులు తీస్తున్నాడు. ఆల్బమ్‌ను మొదట ఫ్లోరిడాలో మొదలుపెట్టి, దాన్ని పక్కన పడేసి, లాస్ ఏంజిలిస్‌లో మళ్లీ చేశాడు. మరో బ్యాండ్ మోర్బిడ్ ఏంజెల్ 1986లో ఒక ఆల్బమ్ మొత్తం రికార్డు చేసి, తృప్తి లేక విడుదల ఆపేసింది. 1989లో వచ్చిన ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్నెస్’ ఆ తర్వాతిది. మన హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ కూడా 2016లో ఒకటి, 2018లో ఒకటి చిన్న రికార్డులు తెచ్చాకే 2021లో పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఇచ్చింది. జనం తొలి ఆల్బమ్‌గా విన్నది ఆ బ్యాండ్‌లకు రెండో ప్రయత్నమో, మూడోదో.

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో మేడ మీద గది అద్దెకు తీసుకుని వాయించే కుర్రాళ్లు మొదట పట్టించుకోవాల్సింది ఇదే. ఎనిమిది పాటలు రాగానే స్టూడియోకు పరుగెత్తవద్దు. గదిలోనే రెండు మైకులతో మొత్తం ఆల్బమ్ ఒకసారి రికార్డు చేసుకుని, నెల రోజులు పక్కన పెట్టి మళ్లీ వినండి. ఏ పాటలో నాలుగో రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) అనవసరమో, ఏ చోట అందరూ తెలియకుండానే వేగం పెంచేస్తున్నారో అప్పుడు బయటపడుతుంది. ఈ సంగీతానికి 35 నిమిషాలు చాలు. 50 నిమిషాలు సాగదీసిన తొలి ఆల్బమ్‌లో చివరి మూడు పాటలు ఎవరి చెవికీ ఎక్కవు.

గది సంగతికొస్తే, వరంగల్ కొత్తవాడ జంపఖానాలు బాగా పనికొస్తాయి. ఒకటి డ్రమ్ సెట్ కింద పరిస్తే కాలితో కొట్టే కిక్ డ్రమ్ ముందుకు జారదు. మిగతావి గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచి వేలాడదీస్తే సింబల్స్ చురుకుదనం తగ్గుతుంది. కిక్ డ్రమ్ గుయ్‌మనడం మాత్రం గుడ్డతో ఆగదు, దానికి మూలల్లో మందపాటి పరుపులు నిలబెట్టాలి. మే నెలలో ఎండ 40 దాటినప్పుడు ఏసీ వేస్తూ ఆపుతూ ఉంటే గిటార్ శ్రుతి గంటకోసారి తప్పుతుంది. రికార్డింగ్ రోజు ఏసీ వేస్తే చివరిదాకా వేసే ఉంచాలి, లేదా అసలు వేయకూడదు.

ఆల్బమ్ నిలిచేదీ కూలేదీ డ్రమ్స్ దగ్గరే. నిమిషానికి 200 బీట్ల వేగంలో, బీట్‌కు నాలుగు చొప్పున రెండు కాళ్లూ సెకనుకు 13 దెబ్బలు దాటి వేయాలి. అంటే ఒక్కో కాలికి ఆరున్నర పైమాటే. 140 దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాలు ఒకే బలంతో వాయించగలిగితేనే ఇంకో 5 పెంచాలి. తొందరపడితే బ్లాస్ట్ బీట్‌లో, అంటే డ్రమ్స్‌ను ఎడతెగకుండా దంచే చోట, స్నేర్ (పుల్లలతో కొట్టే చురుకైన డ్రమ్) మీది చెయ్యి నీరసిస్తుంది. మిక్సింగ్‌లో ఆ లోటు కప్పడానికి ప్రతి దెబ్బ స్థానంలో ఒకే శాంపిల్ (ముందే రికార్డు చేసిన దెబ్బ) అతికిస్తారు. చివరికి డ్రమ్స్ కుట్టుమిషన్‌లా టకటకమంటాయి. డప్పు విని పెరిగిన చెవికి చిర్ర దెబ్బ వేరు, సిటికెన పుల్ల దెబ్బ వేరని చెప్పక్కర్లేదు. ఆ తేడానే దరువుకు ప్రాణం. కిక్‌కు ట్రిగ్గర్ (దెబ్బ పడగానే శాంపిల్‌ను మోగించే పరికరం) పెట్టుకోవచ్చు, తప్పేమీ కాదు. స్నేర్‌ను మాత్రం మైకుతోనే పట్టాలి, శాంపిల్ కలిపినా అసలు దెబ్బ కిందే ఉండాలి. మంట దగ్గర కాచకుండా డప్పు ఎత్తుకోరు కదా, స్నేర్‌కూ అంతే: ఎదురెదురు బోల్టులు జతగా, ఒక్కోసారి అర చుట్టు చొప్పున బిగించి, ప్రతి బోల్టు పక్కనా పుల్లతో తట్టి స్వరం ఒక్కటే వస్తోందా అని చూసుకున్నాకే మైకు పెట్టాలి.

గిటార్‌ను బి దాకా దించేవాళ్లు 25.5 అంగుళాల తీగ పొడవున్న గిటార్ మీద మామూలు సన్న తీగలే ఉంచేస్తున్నారు. గట్టిగా కొట్టగానే వదులు తీగ స్వరం పైకి లేచి, రెండు గిటార్లూ ఒకదానితో ఒకటి తగువు పడతాయి. 12-60 మందం తీగల సెట్ వేసి, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే తీగను నొక్కకుండా తాకి మీటిన హార్మోనిక్ ఒకటేనా చూడాలి. నొక్కినది ఎక్కువైతే గిటార్ అడుగున తీగను మోసే శాడిల్ వెనక్కి జరపాలి. కుడి వైపుకు ఒకసారి, ఎడమ వైపుకు ఒకసారి విడివిడిగా వాయించాలి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది నడిమధ్యలోనే వినిపిస్తుంది. రెండుసార్లు వాయిస్తే డిస్టార్షన్ (గిటార్ గరగర మోత) దానంతటదే చిక్కబడుతుంది కాబట్టి స్టేజీ మీద పెట్టే గెయిన్ (మోత పెంచే నాబ్) కంటే తగ్గించాలి. ఎంటూంబ్డ్ వాళ్లు బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 డిస్టార్షన్ పెడల్ నాలుగు నాబ్‌లూ పూర్తిగా తిప్పారని విని అందరూ అదే చేస్తుంటారు. ఆ రిఫ్‌లు ఆ రంపపు మోతకు తగ్గట్టు విడివిడిగా, సాదాగా రాసుకున్నవి. అదే మోతలో చిక్కు రిఫ్‌లు వాయిస్తే వట్టి గోలే మిగులుతుంది.

ల్యాప్‌టాప్‌లో బఫర్, అంటే అది ధ్వనిని ఒక్కో విడతలో తీసుకునే ముక్క పరిమాణం, చూసుకోవాలి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 పెడితే ఆలస్యం దాదాపు 3 మిల్లీసెకన్లు, 1024 పెడితే 23. ఇంతకుముందు చెప్పిన వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది 75 మిల్లీసెకన్లే. అందులో దాదాపు మూడో వంతు ఆలస్యమైతే ఎంత గట్టి వాద్యకారుడైనా వెనకబడతాడు.

గిటార్ బి తీగ 61.7 హెర్ట్జ్. కిక్ డ్రమ్ అడుగు శబ్దమూ ఆ చుట్టుపక్కలే, బేస్ గిటార్‌దీ అక్కడే. మూడింటినీ అక్కడే వదిలేస్తే బురద. గిటార్‌ను 80-100 హెర్ట్జ్ కింద కోసేసి ఆ చోటు బేస్‌కు ఇచ్చేయాలి. కిక్‌కు 3-5 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచితే దెబ్బ తెలుస్తుంది. మన దగ్గర చాలామంది మొదటిసారి వినేది ఫోన్ స్పీకర్‌లో. అందులో 60 హెర్ట్జ్ పలకదు. బేస్‌కు కొద్దిగా డిస్టార్షన్ పెడితే పై హార్మోనిక్స్ పుట్టి ఫోన్‌లోనూ బేస్ ఉన్నట్టు తెలుస్తుంది.

ఇక గొంతు, భాష. ఇక్కడి బ్యాండ్‌లు ఇంగ్లిష్‌లోనే పాడాలన్న నియమం ఏమీ లేదు. గ్రౌల్‌లో, అంటే డెత్ మెటల్ గరగర గొంతులో, స్వరం పోతుంది, మిగిలేవి హల్లులూ లయా. తెలుగు పద్యానికి పాదంలో రెండో అక్షరం ప్రాస. నెత్తురు, చిత్తడి, కుత్తుక అని పాదాలు మొదలైతే ఆ ‘త్త’ దెబ్బ ఎంత గరగరలోనైనా వినిపిస్తుంది. పైగా ఆ మూడూ భగణాలు, ఒక గురువు రెండు లఘువులు. గిటార్‌లో గ్యాలప్ అనేదీ సరిగ్గా అదే కొలత: ఒక దీర్ఘమైన దెబ్బ, వెంటనే రెండు పొట్టివి. మాట, రిఫ్ ఒకే గణంలో నడిచేలా రాసుకుంటే గాయకుడు అక్షరాలు మింగాల్సిన పని ఉండదు. జానపద రంగు కోసం ఆల్బమ్ మొదట్లో అర నిమిషం డప్పు శాంపిల్ అతికించడం కంటే ఇది ఎన్నో రెట్లు మన సొంతం.

గ్రౌల్ చేసేటప్పుడు ఊపిరి పొట్టలోంచి తోయాలి, అసలు స్వరతంత్రులకు పైన ఉండే మడతలు కంపించాలి. గొంతులో మంట మొదలైందంటే పద్ధతి తప్పినట్టే. ఆ రోజుకు ఆపేయాలి, ఇంకొక్క టేక్ అని లాగితే వారం పోతుంది. మైకు తలను పిడికిట్లో మూసి పట్టుకుంటే హల్లులన్నీ మొద్దుబారతాయి. కాబట్టి స్టాండ్‌కు పెట్టి, జానెడు దూరం నుంచి, రోజుకు రెండు పాటలకు మించకుండా పాడించడం మేలు.