"దేనికైనా వాడొచ్చన్నా" అనే సప్లయర్‌ని నేను గుమ్మం ఎక్కనివ్వను

సోఫా, కార్పెట్ క్లీనింగ్ పని పెట్టుకున్న ప్రతివాడి షట్టర్ దగ్గరికీ క్లీనింగ్ మందున్న ఐదు లీటర్ల తెల్ల క్యాన్ పట్టుకుని ఒక మనిషి వస్తాడు. "అన్నా, ఇది దేనికైనా వాడొచ్చు. సోఫా, కార్పెట్, పరుపు, కారు సీటు, ఏదైనా సరే." నా మటుకు ఆ మాటతోనే బేరం చెడినట్టే, ఇంక రేటు కూడా అడగను.

ఎందుకంటే హైదరాబాద్‌లో మనకి ఒక్క రోజులో తగిలే సరుకు చూడండి. పొద్దున గచ్చిబౌలి ఆఫీసులో నైలాన్ కార్పెట్ టైల్స్, మధ్యాహ్నం ఎవరో పెద్దాయన ఇంట్లో అపురూపంగా దాచుకున్న ఏలూరు ఉన్ని తివాచీ, సాయంత్రం ఇంటీరియర్ డిజైనర్ చెప్పాడని కొన్న బ్యాంబూ సిల్క్ రగ్గు. ఉన్ని అంటే ప్రొటీన్, మన జుట్టు లాంటిదే. దాని మీద పీహెచ్ 11, 12 ఉన్న, అంటే క్షారం బాగా ఎక్కువున్న, జిడ్డు తీసే డీగ్రీజర్ కొడితే పోగు బిరుసెక్కుతుంది, రంగు దిగుతుంది. బ్లీచ్ పడితే పోగే కరిగిపోతుంది. రక్తం, పాల మరకలకని అమ్మే, ప్రొటీన్‌ని విరగ్గొట్టే ప్రోటియేజ్ ఎంజైమ్ మందుకి మరకలో ప్రొటీన్ ఏదో తివాచీలో ప్రొటీన్ ఏదో తెలీదు, రెండింటినీ పట్టుకుంటుంది. బ్యాంబూ సిల్క్ పేరుతో వచ్చేది నిజానికి చాలాసార్లు చెట్టు గుజ్జుతో చేసే విస్కోస్ పోగే, నీళ్లు ఎక్కువైతే అక్కడక్కడా పసుపు రంగుకి తిరిగిపోతుంది. వరంగల్ డర్రీ, అదే జంపఖానా, అయితే పత్తి, దానికి ముందు రంగు కారుతుందో లేదో చూసుకోవాలి. ఇన్నిటికీ ఒకే క్యాన్ ఎలా సరిపోతుంది చెప్పండి?

అందుకే కొత్త సప్లయర్ ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దీన్ని ఎక్కడ వాడకూడదు? "ఉన్ని మీద వద్దు", "తోలు సోఫా మీద చుక్క కూడా పడనివ్వకండి", "ఎండలో క్యాన్ పెట్టకండి, ఎంజైమ్ చచ్చిపోతుంది" అని గబగబా చెప్పేవాడు దొరికితే వాడి సరుకు కాస్త ఖరీదైనా మాట్లాడతాను. తన మందు ఎక్కడ పనికిరాదో తెలిసినవాడికే అందులో ఏముందో తెలుసు. మిగతావాళ్లు ఎక్కడో డ్రమ్ముల్లో కొని, రంగూ వాసనా కలిపి, మీద స్టిక్కర్ వేసి తెస్తున్నారు. అలా తెచ్చి అమ్ముకోవడం తప్పేమీ కాదు, లోపల ఏముందో తెలుసుకోకుండా అమ్మడమే తప్పు.

రెండోది సేఫ్టీ డేటా షీట్. 16 సెక్షన్లుండే కాగితం, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే చాలు. మూడో సెక్షన్‌లో ఏం కలిపారో, ఎనిమిదిలో ఏ గ్లవ్స్ వేసుకోవాలో, తొమ్మిదిలో పీహెచ్ ఎంతో ఉండాలి. "అవన్నీ పెద్ద కంపెనీలకన్నా, మనకెందుకు" అంటారు. మనకే ఎక్కువ కావాలి! పెద్ద హోటల్‌కి సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు, మన దగ్గర పని చేసే కుర్రాడికి ఎవరున్నారు? తుప్పు మరకలు తీసే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. పలచగా ఉన్నది చర్మం మీద పడితే ముందు నొప్పి కూడా తెలియకపోవచ్చు, కొన్ని గంటలు పోయాక తెలుస్తుంది, అప్పటికి అది లోపలికి దిగిపోయి ఉంటుంది. అలాంటిది లేబుల్ లేని పాత వాటర్ బాటిల్లో పోసి ఇచ్చేవాళ్లు ఉన్నారు ఈ ఊళ్లో. ఇది రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది నాకు.

ఇక రేటు. "లీటర్ ఎంత" అని అడగడం మానేయండి దయచేసి, వాడటానికి కలిపిన లీటర్ ఎంత పడుతుందో లెక్కేయండి. 120 రూపాయల మందు ఒకటికి పది నీళ్లు కలపాలంటే కలిపిన లీటర్ 11 రూపాయలు పడుతుంది. 450 రూపాయలది ఒకటికి అరవై కలిపితే ఏడున్నర కూడా దాటదు. ఏది చవక? పైగా చిక్కగా ఉంది కాబట్టి స్ట్రాంగ్ అనుకుంటాం, నురగ బాగా వచ్చే షాంపూ రకాల్లో కాస్త ఉప్పు వేస్తే చాలు చిక్కబడుతుంది, అది తయారుచేసే ప్రతివాడికీ తెలిసిన విషయమే. నురగ చూసి మురిసిపోయేవాళ్లకి ఇంకో మాట, ఆ నురగంతా కార్పెట్‌లోంచి తీయడానికి మెషిన్ ట్యాంక్ నిండా నురగ చంపే డీఫోమర్ పోసుకోవాల్సింది మనమే.

డెమోలకి అస్సలు పడిపోకండి. బెటాడిన్ మరక వేసి స్ప్రే కొట్టగానే మాయం చేసి చూపిస్తారు, అయోడిన్ రంగు పోగొట్టడానికి విటమిన్ సి నీళ్లు కూడా సరిపోతాయి. మీ డెమో మీరు పెట్టండి, పసుపుతో. క్షారం ఎక్కువున్న మందు పడితే పసుపు మరక ఎర్రగా తిరుగుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. పెళ్లిళ్ల సీజన్‌లో మనకొచ్చే మరకల్లో ఎన్ని పసుపువో మీకు చెప్పక్కర్లేదు. ఇంకోటి, కలిపిన మందు గాజు పలక మీద రెండు చుక్కలు వేసి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున వేలితో ముట్టుకుంటే జిగటగా ఉంటే ఆ కార్పెట్ నెల తిరక్కుండా మళ్లీ మట్టి పట్టి కస్టమర్ ఫోన్ చేస్తుంది, పొడిగా రాలిపోతే వాక్యూమ్‌లో వచ్చేస్తుంది. నకిలీ నోట్లు చూసే యూవీ టార్చ్ కింద ఆ చుక్కలు నీలంగా మెరిస్తే తెల్లగా మెరిసేట్టు చూపించే ఆప్టికల్ బ్రైటెనర్ కలిపినట్టు, ఉన్ని మీదికి అది వద్దు. పీహెచ్ స్ట్రిప్స్ ఎలాగూ చవకే, బ్యాగ్‌లో పడేసుకోండి. మన బోరు నీళ్ల కాఠిన్యానికి ఏ మందైనా సగం పని ఆ నీళ్లతోనే పోట్లాడుతుంది, కాబట్టి పరీక్షలు కూడా మీరు రోజూ వాడే నీళ్లతోనే చేయాలి, సప్లయర్ తెచ్చిన బిస్లరీ బాటిల్‌తో కాదు.

బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందంటారు. మనకి రిజిస్ట్రేషన్ ఉంటే అది క్రెడిట్‌గా ఎలాగూ తిరిగొస్తుంది. లేకపోయినా, బ్యాచ్ నంబరూ బిల్లూ లేని క్యాన్‌తో ఎవరిదో లక్ష రూపాయల తివాచీ పాడైతే ఎవణ్ని పట్టుకుంటారు? ఉద్దెర ఇచ్చేవాళ్లతో ఇంకో చిక్కు, బాకీ ఉన్నంత కాలం వాడు ఏ సరుకు పంపినా నోరెత్తలేం. నగదు ఇచ్చి తక్కువ కొనుక్కోవడమే నాకు నచ్చుతుంది.

దసరా, దీపావళి ముందు మాత్రం జాగ్రత్త. ఆర్డర్లు ఎక్కువై మామూలు సరుకు అయిపోతే అదే లేబుల్‌తో వేరే రంగు మందు వచ్చేస్తుంటుంది, అడిగితే "రంగే మారిందన్నా, మందు అదే" అంటారు. ఇప్పట్నుంచే రెండో సప్లయర్‌ని కూడా చూసి పెట్టుకోండి, అలాంటి క్యాన్ వస్తే మూత తీయకుండా అదే ఆటోలో వెనక్కి పంపేయొచ్చు.