ఎద్దుకు తొమ్మిది గంటలు

సంక్రాంతి సెలవులకు ముందు రోజు పదో తరగతి ఇంగ్లీషు పాఠం ఎలా జరుగుతుందో చూడడానికి రమ్మని మా మనవడి బడి నుంచి పెద్దలందరికీ పిలుపు వచ్చింది. భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజు పెద్దలనేవారికి వేరే పనులుంటాయి. కోడిపందేల బరి చదును చేయించాలి, షామియానాలు మాట్లాడాలి, హైదరాబాదు నుంచి దిగే చుట్టాలకు గదులు చూడాలి. చివరికి వెళ్లినవాళ్లం ఆరుగురం. అందులో ఇద్దరు ఫీజు బకాయి గురించి బతిమాలుకోవడానికి వచ్చారు. నేను రిటైరైన మనిషిని, ఫ్యాను కింద కూర్చోబెడతామంటే ఏ సభకైనా వెళతాను.

బోర్డు మీద ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి ఉన్నాయి. తెలుగులో చెప్పుకోవాలంటే నాటకం, జంతువుల పట్ల నీతి, శాంతి, ఒత్తిడి. 45 నిమిషాల పీరియడులో ఈ నాలుగూ పూర్తి కావాలట. వ్యాసుడు వేదాన్ని నాలుగు భాగాలు చేశాడు గాని ఒక్క పీరియడులో చెప్పేసి హాజరు కూడా తీసుకున్నట్టు ఎక్కడా లేదు. మాస్టారు కొత్తగా చేరిన యువకుడు, ఉత్సాహవంతుడు. ఆయన గుణానికి నేను వంక పెట్టను. ఆయనకు ఆ నాలుగు మాటలూ పైనుంచి వచ్చాయి. పైవారికి ఇంకా పైనుంచి వచ్చాయి. ఇక్కడ పైనుంచి కిందికి ఆటంకం లేకుండా పారేవి గోదావరి, సర్క్యులర్లు మాత్రమే. గోదావరికైనా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఉంది.

బడిపిల్లల చేత నాటకం వేయించడం మనకు కొత్తేమీ కాదు. 1880లోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు షేక్స్‌పియర్ హాస్యనాటకం ఒకదాన్ని తెలుగు చేసి, తన విద్యార్థుల చేత ఆడించారు. ఆయన ఇంగ్లీషును తెలుగులోకి తెచ్చారు. మనం ఇప్పుడు తెలుగు పిల్లల్ని ఇంగ్లీషులోకి పంపిస్తున్నాం. సరుకు అదే, రవాణా దిశ మారిందంతే. ఆయన పుట్టిన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆపాటికి పదో తరగతి పరీక్షలు అయిపోతాయి గనుక పిల్లలకు ఇబ్బంది ఉండదు.

జంతువుల నీతి అనగానే నేను మొదట పొరబడ్డాను. నక్క, కొంగ, ముసలి పులి మనకు నీతి చెప్పడం మన సంప్రదాయం. వాటి పట్ల మనమే నీతిగా ఉండాలన్నది కొత్త సిలబస్సు. రెండింటినీ కలిపి మాస్టారు తరగతి గదిని కోర్టుగా మార్చారు. బల్ల మీద పచ్చ దుప్పటి, సుత్తి బదులు డస్టరు. ఫిర్యాది కోడిపుంజు, ముద్దాయి పుంజు యజమాని. పుంజు వేషం కట్టిన కుర్రవాడి తండ్రి నిజంగానే పందెం కోళ్లు పెంచుతాడు. అందువల్ల వేషంలో లోటు రాలేదు. నడుము చుట్టూ ఎర్రటి ఈకలు, అన్నీ అసలైన డేగవి, అంటే ఎర్ర పుంజువి. ఎడమ కాలికి చాక్లెట్ల వెండికాగితం చుట్టిన అట్టకత్తి. కత్తి కట్టు చూస్తే చేయి తిరిగినవాళ్లు కట్టారని తెలిసిపోతోంది. మా ప్రాంతపు విద్యాప్రమాణాల గురించి దిగులు పడేవాళ్లు ఆ ముడి ఒక్కసారి చూసి ఉండాల్సింది.

పుంజు తరఫు న్యాయవాదిగా నిలబడిన అమ్మాయి ఊపిరి తీసుకోకుండా చదివింది. జంతువుల మీద క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960 నాటిది. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం ఆ చట్టం ప్రకారం నేరం. రాజ్యాంగంలో 51ఏ అధికరణం ప్రాణులన్నిటి పట్ల దయ చూపడం పౌరుడి విధి అంటోంది. అంతా అప్పజెప్పి కూర్చున్నాక గాని ఆ అమ్మాయి మొహంలో రంగు మళ్లీ రాలేదు.

ముద్దాయి తరఫు కుర్రవాడు మాత్రం కాగితం మర్చిపోయాడు. మర్చిపోవడం వల్ల ఆ పూటకు ఒక్క సొంత మాట పుట్టింది. వచ్చీరాని ఇంగ్లీషులో అతను చెప్పినదాని సారాంశం ఇది: అయ్యా, పుంజుకు పొద్దున్నే చెరువులో ఈత, తర్వాత వేడినీళ్ల కాపడం, ఆ పైన బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, ఖీమా. పడుకోవడానికి నీడ. మా నాన్న నాకు ఇంతవరకు ఒక్క బాదంపప్పు పెట్టలేదు. తరగతి అంతా నవ్వింది. ఫీజు కోసం వచ్చిన ఇద్దరూ నవ్వలేదు.

అప్పుడు పుంజు లేచింది. ఆ వేషానికి ఉన్నది ఒకే ఒక్క మాట, 'నాకు అభ్యంతరం ఉంది' అని. ఇంగ్లీషులో రెండే పదాలు, 'ఐ అబ్జెక్ట్'. ఇక్కడే బోర్డు మీది నాలుగో మాట వచ్చి అడ్డం పడింది. 'స్ట్రెస్' అనే ఆ ఇంగ్లీషు మాటకు మనసులోని ఒత్తిడి ఒక అర్థం, నాలుక మీది ఒత్తు ఇంకో అర్థం. మన ఒత్తు మర్యాదస్తురాలు, అక్షరం కింద అందరికీ కనిపించేలా కూర్చుంటుంది. ఇంగ్లీషు ఒత్తు రాతలో కనిపించదు. నిఘంటువు తెరిస్తే చిన్న నిలువుగీత రూపంలో దర్శనమిచ్చి, మూసేయగానే మాయమవుతుంది. పైగా నిలకడ లేదు. ఫొటోకు మొదట ఒత్తాలి, ఫొటో తీసేవాడికి రెండో చోట ఒత్తాలి, ఫొటోకు సంబంధించినదానికి మూడో చోట ఒత్తాలి. మిడత కూడా ఇంత త్వరగా గట్టు మార్చదు. 'అబ్జెక్ట్'కూ అదే తంతు. రెండో అక్షరం మీద ఒత్తితే అభ్యంతరం, మొదటి అక్షరం మీద ఒత్తితే వస్తువు.

కుర్రవాడు రెక్కలు బారచాపి, మెడ నిక్కించి, ఉన్న ఊపిరినంతా మొదటి అక్షరం మీదే పెట్టాడు. 'నేను వస్తువును!' అని నిండు సభలో కోడిపుంజు ప్రకటించింది.

మాస్టారు తల పట్టుకున్నారు. పది రోజుల సాధన నీళ్లపాలైందని ఆయన బాధ. నా మటుకు నాకు ఆ రోజు ఆ గదిలో వినిపించిన ఏకైక నిజం అదే అనిపించింది. పండగల్లో పందేల మీద పోలీసు దాడుల వార్త ఎలా వస్తుందో చూడండి: ఇంత నగదు, ఇన్ని మోటారు సైకిళ్లు, ఇన్ని కత్తులు, ఇన్ని కోళ్లు స్వాధీనం. పుంజు తన స్థితిని చట్టం తెలిసినవాడిలా చెప్పుకుంటే మనవాళ్లు ఉచ్చారణదోషం కింద అర మార్కు కోసేశారు.

తీర్పు శాంతి. జడ్జి వేషం వేసిన అమ్మాయి డస్టరుతో బల్ల మీద కొట్టింది. సుద్దపొడి లేచి మొదటి బెంచీ తుమ్మింది. ఇరుపక్షాలూ ఇకపై 'పీస్'తో బతకాలని ఆదేశించగానే వెనక బెంచీ నుంచి 'లెగ్ పీసా అండీ?' అని ఎవరో అడిగారు. మాస్టారు ఆ పిల్లవాణ్ని బయట నిలబెట్టారు. అన్యాయం. ఓడిన పుంజు సాయంత్రానికి ఎక్కడ ఎలా తేలుతుందో ఆ పిల్లవాడు కళ్లారా చూశాడు. పాఠాన్ని జీవితానికి అన్వయించమని సర్క్యులర్లో ఉంది కూడా.

శాంతి గురించి మా ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏటా జనవరి మొదట్లో కోడికత్తులు కట్టేవాళ్లనీ, పందేలు నడిపేవాళ్లనీ పోలీసులు పిలిచి, శాంతికి భంగం కలిగించబోమని పూచీకత్తు రాయించుకుంటారు. పూచీకత్తు ఇచ్చిన చేతికి కోడికత్తి కట్టడానికి ఇంకా వారం పది రోజుల వ్యవధి ఉంటుంది. రెండు పక్షాలకూ తీరిక దొరికే ఏర్పాటు అది. ఇక నాటకంలో శాంతి కావాలంటే రాయబారం సీను ఉండనే ఉంది. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది కడియం, ఇంకొకరిది భీమవరం పక్కన యండగండి. అంటే శాంతి రాయబారం మాకు ఇంటి పంట. హార్మోనియం శ్రుతి చేసుకుని, రాగం లాగి, కృష్ణుడు సంధి పద్యం ఎత్తుకుంటే తెల్లవారుజామున కూడా వన్స్‌మోర్ పడుతుంది. సంధి కుదరదని తెలుసు గనుకే మేం అంత ప్రశాంతంగా వింటాం. కుదిరితే మిగతా నాటకానికి డబ్బు వాపసు అడిగేవాళ్లం.

చివరి ఎనిమిది నిమిషాలు ఒత్తిడికి దక్కాయి. ఎవరికి ఒత్తిడి ఉందో చేతులెత్తమన్నారు మాస్టారు. ఒక్క చేయి లేవలేదు. లేనివాళ్లు ఎత్తమంటే అన్నీ లేచాయి. ఆయన సంతోషించి, ఒత్తిడికి అయిదు కారణాలూ, తగ్గించుకునే ఏడు మార్గాలూ బోర్డు మీద రాయించారు. సెలవుల్లో ప్రత్యేక తరగతి పెట్టి అవి అప్పజెప్పించుకుంటారట. అప్పజెప్పలేనివాళ్లు సాయంత్రం ఆగాలి. ఆ తరగతి కనుమనాడు. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. సామెత కాకి గురించే చెప్పింది, పదో తరగతి గురించి ఏమీ అనలేదు.

ఒత్తిడి అంటే ఏమిటో నాకు ఆ రాత్రి రొయ్యల చెరువు దగ్గర తెలిసింది. మా అల్లుడు రెండెకరాల్లో వనామీ రకం రొయ్య వేశాడు. రాత్రి మూడింటికి టార్చి పట్టుకుని గట్టు మీదికి వెళుతుంటే నిద్ర పట్టక నేనూ వెంట నడిచాను. చెరువుకు గాలి అందించే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేను అతను తాడు పట్టి పైకి లాగాడు. వల గుడ్డ మీద మేత గుళికలు సగానికి సగం అలాగే ఉన్నాయి. ఒక రొయ్యను రెండు వేళ్ల మధ్య పట్టుకుని టార్చి వెలుగుకు అడ్డంగా పెట్టాడు. గాజులాంటి ఒళ్లు, వీపు పొడుగునా పేగు నల్లటి దారంలా కనిపించాలి. మధ్యలో తెగిపోయి ఉంది. 'స్ట్రెస్‌లో ఉన్నాయి మామయ్యగారూ' అన్నాడు చాలా మెల్లగా, అవి వింటాయేమోనన్నట్టు. అమావాస్య దగ్గర పడింది, పెంకు వదిలే సమయం, ఈ నాలుగు రోజులూ మేత తగ్గించాలి, ఇంకో ఏరియేటరు వేయాలి అన్నాడు. అంత మృదువుగా అతను మాట్లాడగలడని పదహారేళ్లుగా నాకు తెలియదు. మా అమ్మాయికి కూడా తెలిసి ఉండదు.

తిరిగి ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. మా మనవడు అప్పటికే లేచి, వరండాలో బల్బు కింద, ఒత్తిడి తగ్గించుకునే ఏడు మార్గాల్లో మూడోదాన్ని కళ్లు మూసుకుని వల్లిస్తున్నాడు. మూడోది చాలినంత నిద్ర. 'ఇంకా మూడో దగ్గరే ఉన్నావా?' అని వాళ్ల నాన్న గదమాయించి, రొయ్యల కోసం మందుల కొట్టుకు ఫోను చేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

నేను వాడి దినచర్య కాగితం మీద వేసి చూశాను. తెల్లవారి నాలుగున్నర నుంచి ఏడు దాకా ఇంట్లో చదువు. ఎనిమిది నుంచి అయిదున్నర దాకా బడి, ప్రత్యేక తరగతులు. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ట్యూషను. మధ్యాహ్న భోజనానికి గంట తీసేస్తే 14 గంటలు. ఇప్పుడు బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో చేసిన నియమాలు చూద్దాం. ఎద్దు చేత రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం ఇవ్వకుండా వరసగా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టనే కూడదు. గాడిద మీద 50 కిలోలకు మించి వేయకూడదు. మాస్టార్లు కోపం వచ్చినప్పుడు పిల్లల్ని గాడిదలని తిడుతుంటారు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే పిల్లలకు ఎన్ని హక్కులు కలిసివస్తాయో వారికి తెలియదు.

సంచి బరువు మీద 2020లో ఒక విధానం వచ్చింది, పిల్లవాడి బరువులో పదో వంతు మించరాదని. మావాడు 42 కిలోలు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో కౌంటు చూసే కాటాకు సంచిని తగిలించాం. 9 కిలోల 300 గ్రాములు. కాటా తప్పేమోనని మా అల్లుడు మళ్లీ తూచాడు. అంటే సంచి గురించి కాదు, ఆ కాటాతోనే వచ్చే నెల రొయ్యలు అమ్మాలి.

ఇన్ని చూశాక ప్రభుత్వానికి ఒక వినతి రాయడం నా బాధ్యత అనిపించింది. పిల్లలకు కొత్త చట్టాలేవీ అక్కర్లేదు, ఖర్చు కూడా లేదు. 1960 చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని నిర్వచనం ఉంది. దాని చివర 'పదో తరగతి విద్యార్థి కూడా' అని నాలుగు మాటలు చేరిస్తే చాలు. 9 గంటలు, మధ్యలో విరామం, ఎండలో సెలవు వాటంతట అవే వర్తిస్తాయి. పర్యవేక్షణకు పశువైద్యశాలలు ఎలాగూ ఉన్నాయి. తల్లిదండ్రులు ఒప్పుకోరేమోనన్న శంక వద్దు. రొయ్యను వెలుగుకు పట్టి చూసినట్టే నెలకోసారి పిల్లవాణ్ని కూడా చూడమంటే మావాళ్లు శ్రద్ధగా చేస్తారు. అలవాటైన పని.

వినతి తెలుగులో రాశాను. పైవారికి ఇంగ్లీషులో ఉంటే బరువుగా ఉంటుందని మా మనవడి చేత అనువాదం చేయించాను. తప్పులుంటే దిద్దమని వాడు దాన్ని కనుమనాటి తరగతిలో మాస్టారికి ఇచ్చాడు. సాయంత్రం ఆలస్యంగా వచ్చాడు, ఏడు మార్గాల్లో అయిదోది తడబడిందట. కాగితం నిండా ఎర్ర సిరా. విషయం బాగుంది, దస్తూరి మెరుగుపడాలి, 10కి 6 అని రాసి, శుద్ధప్రతి పదిసార్లు రాసుకు రమ్మన్నారు.