ఆ గదిలోనే పడుకుని, ఆ గదిలోనే పరీక్ష రాసి

2022 జూలైలో గోదారి పోటెత్తినప్పుడు మా పెద్దమ్మగారి మనవడు ఏడో తరగతి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికే, గోదారి మధ్యనుండే లంకలో వాళ్లింట్లోకి నీళ్లొచ్చేశాయి. పడవెక్కించి ఏటిగట్టు దాటించి పునరావాస కేంద్రంలో పెట్టారు. ఆ కేంద్రం మరేదో కాదు, వాడు చదివే బడే. బెంచీలు గోడవారకి నెట్టి, తన క్లాసు గదిలోనే చాప పరుచుకుని ఆరు రాత్రులు పడుకున్నాడు. వాడు సాకిన గేదె దూడ వరదలో పోయింది.

నీరు తీసింది. గది కడిగి, బెంచీలు మళ్లీ వరసలో పెట్టారు. బడి తెరిచిన రెండో రోజున లెక్కల స్లిప్ టెస్టు. ఇరవైకి మూడొచ్చాయి. ‘‘నీళ్లలో బుర్ర కూడా నానిపోయిందేంట్రా?’’ అన్నారట మేస్టారు. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడట.

ఆ మేస్టారు చెడ్డాయనేం కాదు. వారం రోజులూ ఆయనకి ఆ కేంద్రంలోనే డ్యూటీ. పాలప్యాకెట్లు పంచి, పేర్లు రాసుకుని, రాత్రుళ్లు దోమల్లో కూర్చున్నారు. ‘‘ఏవండీ, మీ ఇల్లు బాగానే ఉందా?’’ అని ఆయన్ని మాత్రం ఎవరడిగారు కనుక?

ఇక్కడ, మేముంటున్న పరాయి దేశంలో, మా అమ్మాయి బళ్లో పొద్దున్నే పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఇవాళ నీ మనసు ఏ రంగులో ఉందో చెప్పమంటారు. మొదట్లో నేను నవ్వుకున్నాను. గోడకుర్చీ వేసి పెరిగినవాణ్ణి మరి. దీన్ని వీళ్లు సామాజిక, భావోద్వేగ విద్య అంటారు. తన కోపం తాను గుర్తుపట్టడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాడి బాధ తెలియడం, నలుగురితో మసలడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, ఈ అయిదూ అందులో ముఖ్యమైనవి. అమెరికాలో దీనిమీదా రాజకీయాలున్నాయి. 2022లో ఫ్లోరిడా రాష్ట్రం కొన్ని లెక్కల పుస్తకాల్ని వెనక్కి కొట్టినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదొకటి. అది వాళ్ల గొడవ.

నాకు నచ్చింది ఆ రంగుల ఆట కాదు, ఈ విద్య పుట్టుక. 1968లో జేమ్స్ కోమర్ అనే పిల్లల మానసిక వైద్యుడు యేల్ విశ్వవిద్యాలయం నుంచి వెళ్లి, అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో రెండు పేదపిల్లల బళ్లలో పని మొదలుపెట్టాడు. పిల్లలకి కొత్త పాఠం పెట్టి ఊరుకోలేదు. హెడ్‌మాస్టరు, టీచర్లు, తల్లిదండ్రులు ఒకచోట కూర్చుని బడిని నడుపుకునే ఏర్పాటు చేశాడు. పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడే తీరు మారితే పిల్లల తీరు మారుతుందని ఆయన లెక్క. బడి సంస్కృతి అంటే నాకర్థమైంది అదే. 2011లో అచ్చయిన ఒక పెద్ద సమీక్ష ఇలాంటి విద్య నేర్పే 213 కార్యక్రమాల్ని, 2.7 లక్షల మంది పిల్లల్ని లెక్కలోకి తీసుకుంది. చదువు కూడా మెరుగుపడిందని తేల్చింది. కానీ ఒక మెలిక ఉంది: మార్కులు పెరిగింది బడిలోని టీచర్లే వాటిని నడిపినచోట. బయటివాళ్లు వచ్చి చెప్పి వెళ్లినచోట అంత ఫలితం కనబడలేదు.

ఈ మెలిక మన ప్రవాసుల సంఘానికి తగులుతుంది. ఊరి బడికి ఏదైనా చేద్దామనగానే మనకి ప్రొజెక్టరు, మంచినీళ్ల ప్లాంటు, రంగులేసిన గోడ గుర్తొస్తాయి, గోడమీద దాతల పేర్లతో సహా. పోయినేడాది విరాళాల కమిటీలో నేను వేరే మాట ఎత్తాను. లంకల బళ్లలో టీచర్లకి ఏడాది పొడుగునా శిక్షణ ఇప్పిద్దాం, మండలానికొక సలహాదారుని జీతమిచ్చి పెడదాం అన్నాను. ‘‘బాగానే ఉంది గానీ, ఇది ఫొటోలో పడదు కదండీ’’ అన్నారొకాయన. సరదాకే అన్నారు. తీర్మానం మాత్రం ప్రొజెక్టర్లకే పడింది.

కోనసీమవాళ్లకి ఇదేదో విదేశీ సరుకని నేననుకోను. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ తలుపు తట్టినవాడికీ అన్నం పెట్టారు. ఇప్పుడు రాష్ట్రంలో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఏ పిల్లాడు ఇవాళ గుడ్డు తినకుండా వదిలేశాడో, ఎవరు రెండోసారి అన్నం అడగడానికి సిగ్గుపడుతున్నారో బడిలో వండిపెట్టే వంటామెకి తెలుసు. స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట ఎప్పుడైనా వినబడుతుందా? వంటామెని టీచర్ల మీటింగులో కూర్చోబెట్టడానికి విరాళం కూడా అక్కర్లేదు. కుర్చీ ఒకటి చాలు.

మొన్న మా ఊరివైపు ఒక హెడ్‌మాస్టరుగారితో ఫోన్లో మాట్లాడాను. పడవ దాటి వచ్చే పిల్లల్ని ఆలస్యమైందని బయట నిలబెట్టడం మానేశారట. రేవులో పడవ కదిలిందని పడవతను ఫోన్ చేస్తే, వాళ్లొచ్చాకే హాజరు వేస్తున్నారు. మొదటి పది నిమిషాలు పుస్తకం తెరవరు. రాత్రి ఎవరింట్లో ఏం జరిగిందో, ఎవరి నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడో అప్పుడే తెలుస్తోందట. ‘‘మీకేం పంపమంటారండీ?’’ అనడిగాను.

‘‘ప్రొజెక్టర్లు వద్దండి బాబూ, ఇప్పటికే రెండున్నాయి. ఒకటి పెట్టెలోంచి తియ్యనే లేదు. లెక్కలకి ఇంకో మనిషి దొరుకుతాడేమో చూడండి, ఆ పది నిమిషాలూ నాకు మిగులుతాయి’’ అన్నారు.