సార్వాతో పాటే చదువు

గోదావరి డెల్టాలో జూన్ వచ్చిందంటే ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదులుతారు, బడులూ తెరుస్తారు. పిల్లలు కొత్త తరగతిలో కుదురుకునే సరికి నారుమళ్లు పచ్చబడతాయి. సంక్రాంతి సెలవుల లోపే సార్వా (ఖరీఫ్ వరి) ధాన్యం కళ్లం దాటుతుంది. బడి ఏడాదీ పంట కాలమూ ఇంత చక్కగా కలిసిన చోట కూడా మన పిల్లలు మొక్క భాగాలను బొమ్మలో చూసి బట్టీపడుతున్నారు. కిటికీ అవతలే చేను ఉంది. డెల్టాలోని ప్రతి ప్రాథమిక బడీ ఊళ్లో ఒక రైతు మడిని ఎంచుకుని, విత్తనం నానబెట్టిన రోజు నుంచి అన్నం వడ్డించే రోజు దాకా దాన్ని పిల్లలకు పాఠంగా చెప్పాలని మేము కోరుతున్నాం.

మొదటి పాఠానికి ఒక బకెట్, కొంచెం ఉప్పు, ఒక కోడిగుడ్డు చాలు. గుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి వడ్లు పోస్తే పొల్లు గింజలు పైకి తేలతాయి, గట్టివి అడుక్కి చేరతాయి. సాంద్రత అంటే ఏమిటో మూడో తరగతి పిల్లకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అడుగు గింజలను మంచినీళ్లతో కడిగి, నానబెట్టి, మొలకెత్తడానికి గోనెసంచిలో మూటగట్టి మండె కడతారు. మర్నాడు ఆ సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఎండ లేదు, పొయ్యి లేదు, మరి ఈ వేడి ఎక్కడిది? మొలకెత్తే గింజ ఊపిరి తీసుకుంటుందనీ, అప్పుడు వేడి పుడుతుందనీ టీచర్ చెబితే ఆ పిల్ల జన్మలో మరచిపోదు.

పర్యావరణం సంగతీ అంతే. నీళ్లు నిలిచిన మడిలో కాలు పెడితే బుడగలు వస్తాయి. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు తయారుచేసే మీథేన్ వాటిలో ఉంటుంది. భూమిని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. నీరు అదుపులో ఉన్న చోట మడిని మధ్యమధ్య ఆరబెడితే అది తగ్గుతుంది. వరి కోత తర్వాత వేసే మినుము మొక్క పీకి వేళ్ల బుడిపెలు చూపిస్తే, గాలిలోని నత్రజని నేలకు ఎలా చేరుతుందో ఐదో తరగతికే అర్థమవుతుంది. పక్కనే చేపల చెరువు, రొయ్యల చెరువు ఉన్న ఊళ్లలో పిల్లలు కాలువ నీటి రంగు, వాసన నెలనెలా రాసుకోవాలి. అది పెద్దలకు ఇబ్బందిగా ఉన్నా సరే.

తల్లిదండ్రుల అభ్యంతరం మాకు తెలుసు. "మా కష్టం వాళ్లకొద్దనే కదా బడికి పంపుతున్నాం, మళ్లీ పొలంలోకేనా?" అంటారు. గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించిన గడ్డ ఇది. ఆ మాట వెనక ఉన్న బాధను ఎవరూ కొట్టిపారేయలేరు. అందుకే ఒక గీత గట్టిగా గీయాలి. పిల్లల చేత ఊడ్పులు, కలుపుతీత వంటి పనులు చేయించకూడదు. మందు కొట్టిన చేలోకి వాళ్లను తీసుకెళ్లకూడదు. వాళ్లు చూడాలి, కొలవాలి, రాయాలి, అడగాలి. దేశంలో చాలా రాష్ట్రాల్లో పండించిన స్వర్ణ వరి 1982లో మన మార్టేరు పరిశోధన కేంద్రం నుంచే వచ్చింది. పొలం గట్టు మీద ప్రశ్న అడగడం నేర్చుకున్న పిల్లకు అలాంటి చోటికీ దారి ఉందని ఇంట్లో వాళ్లకు చెప్పాలి.

మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన వాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పళ్లెం కూడా పాఠమే. ఎంత వండారు, ఎంత పారేశారు, తూచి బోర్డు మీద రాస్తే లెక్కలూ వస్తాయి, మెతుకు విలువా తెలుస్తుంది. కూరగాయల తొక్కలు ఎరువు గుంటకు, బియ్యం కడిగిన నీళ్లు తోటకూర మడికి వెళ్లాలి.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, కానీ టీచర్‌కు టైమ్ ఇవ్వాలి. యాప్‌లలో ఫొటోలు ఎక్కించే టెన్షన్ తగ్గించి వారానికి ఒక పూట పొలం పాఠానికి కేటాయించాలి. మార్టేరు కేంద్రం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు వేసవిలోనే టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. పాఠం చెప్పడానికి వచ్చిన రైతుకు, రైతు కూలీ మహిళకు అతిథి అధ్యాపకులకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. పిల్లలు రాసుకున్న పొలం నోట్‌బుక్‌కు పరిసరాల విజ్ఞానంలో మార్కులు కలపాలి. కాలువలకు నీళ్లు వదలక ముందే విద్యాశాఖ ఈ ఉత్తర్వులు ఇస్తే రాబోయే సార్వాతోనే మొదలుపెట్టవచ్చు.